పొద్దుపొడుపు మైపాడులో... పొద్దుగుంకు పులికాట్‌లో!

తెల్లవారుఝాము నాలుగున్నర. నెల్లూరు ట్రంకురోడ్డు మీద టీ అంగళ్ళ పొయ్యిలు అప్పుడప్పుడే అంటుకుంటున్నాయి. సంక్రాంతి వెళ్ళి వారం తిరగలేదు. చలి చెవుల్లో దూరుతోంది. లాడ్జి ముందు ఆగిన కారులోంచి తల బయటపెట్టి డైరెక్టరుగారు మా మీద కేకేశారు.

"ఎక్కండి సార్, ఎక్కండి! హీరోగారు లేటయితే మనం ఆగొచ్చు. మనం లేటయితే సూర్యుడు ఆగడు!"

ఎక్కాం. ముందు సీట్లో డైరెక్టరుగారు. వెనక కెమేరామన్ గారూ, ఈ విలేఖరీ, మా ఇద్దరి మధ్య రగ్గులో చుట్టిన కెమేరా, పసిబిడ్డలాగా. స్టీరింగు ముందు నెల్లూరు మనిషి, యాభై దాటిన డ్రైవరన్న.

పాఠకులకు ముందుగా అసలు సంగతి విన్నవించుకోవాలి. ఈ డైరెక్టరుగారికి ఇది మొదటి సినిమా. పేరు రాయొద్దన్నారు. సినిమాకి ఇంకా పేరే పెట్టలేదు. కథలో ఒక పాట, ఒక క్లైమాక్సు సీను ఉన్నాయి. ఊరొదిలి వెళ్ళిపోయిన అమ్మాయి పదేళ్ళకు తిరిగి వస్తుంది. ఆమె ముందు నీళ్ళుండాలి, నీళ్ళ వెనక కొండ ఉండాలి. రెండూ ఒకే ఫ్రేములో! అదీ ఆయన పట్టు. నిర్మాతగారి పట్టు వేరు. "ఒక్క రోజు, ఒక్క కారు. రాత్రికల్లా దొరికిందా సరే. లేదంటే ఫ్లోర్లో ఆకుపచ్చ గుడ్డ కట్టి తీసేద్దాం. కొండా చెరువూ కంప్యూటర్లో గీయిద్దాం" అని తేల్చేశారట.

అదండీ తొందర. రాత్రిలోగా కొండనూ నీటినీ కలిపి చూపించకపోతే ఆ అమ్మాయి ఆకుపచ్చ గుడ్డ ముందు నిలబడి ఏడవాలి.

"నెల్లూరులో కొండలేమిటండీ? నెల్లూరంటే సముద్రం, సన్నబియ్యం, చేపల పులుసు కదా?" అన్నాను.

"అందరూ అదే అంటారు. పటం చూడండి. తూర్పున సముద్రం, పడమట వెలిగొండలు. మధ్యలో నూరు కిలోమీటర్లు లేదు. ఇంత దగ్గరగా రెండూ ఉన్న చోటు మన వాళ్ళకి కనపడలేదంటే ఏమనాలి?"

వెనక నుంచి కెమేరామన్ గారు నవ్వారు. ఆ నవ్వు కథ తర్వాత చెప్తాను.

మైపాడు: ఎనిమిది నిమిషాలు

నెల్లూరు నుంచి మైపాడు ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. వరి పైరు మీద మంచు తెరలా పరుచుకుని ఉంది. బకింగ్‌హామ్ కాలువ దాటాం. 1876-78 నాటి కరువులో పనీ తిండీ లేని జనానికి కూలిడబ్బులిచ్చి తవ్వించిన కాలువ ఇది. అప్పటి మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు పేరు దానికి నిలిచిపోయింది, తవ్వినవాళ్ళ పేర్లు నిలవలేదు. ఒకప్పుడు శ్రీహరికోట అడవుల కట్టెలు ఈ కాలువ మీదే పడవల్లో మద్రాసు పొయ్యిలకు చేరేవి. ఇప్పుడు గుర్రపుడెక్క ఆకు కింద నీళ్ళు ఉన్నాయో లేవో తెలియటం లేదు.

సరుగుడు తోట దాటేసరికి సముద్రం. సూర్యుడు సగం పైకి వచ్చాడు. అప్పుడే ఒడ్డుకు చేరిన పడవలోంచి వలలు దింపుతున్నారు. కెమేరామన్ గారు రగ్గు విప్పి, గబగబా నాలుగు షాట్లు తీసి, "బ్రహ్మాండం!" అన్నారు.

"బ్రహ్మాండమే. కానీ కొండేదీ?" అన్నారు డైరెక్టరుగారు.

మొత్తం ఎనిమిది నిమిషాలు. కాళ్ళకు అంటుకున్న ఇసుకతోనే కారెక్కాం. వలలు దులుపుతున్న ముసలాయన ఒకరు, "ఇంత దూరం వచ్చి కాళ్ళన్నా తడుపుకోలా?" అన్నాడు. జవాబు చెప్పే టైము లేదు!

నలభై ఏళ్ళు నిద్రపోయిన జిల్లా

మళ్ళీ నెల్లూరు. పెన్న వంతెన వైపు చూస్తూ కెమేరామన్ గారు తన నవ్వుకు కారణం చెప్పారు.

"నేను 1979లో అసిస్టెంటుగా చేరాను. అంతా కోడంబాకమే. ఆంధ్రాలో అవుట్‌డోరంటే గోదావరి. యూనిట్ వ్యాను రాత్రి తొమ్మిదింటికి మద్రాసులో కదిలితే గూడూరు రాకముందే అందరం గుర్రు. నెల్లూరులో ఎవరో లేపి కాఫీ ఇచ్చేవాళ్ళు. తాగి మళ్ళీ పడుకునేవాళ్ళం. కళ్ళు తెరిస్తే బెజవాడ. ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. ఈ జిల్లాను పగటిపూట చూడటం మాత్రం ఇదే మొదలు!"

ఈ మాట నాకు పొద్దుటి చలికన్నా గట్టిగా తగిలింది. తెలుగు సినిమా మద్రాసులో ఉన్నన్నాళ్ళూ ఆంధ్ర దేశానికి దాని వాకిలి నెల్లూరే. అప్పటి 5వ నెంబరు జాతీయ రహదారి, ఇప్పటి 16. ఎన్ని కార్లు, ఎన్ని వ్యాన్లు ఈ రోడ్డు మీద పరుగెత్తి ఉంటాయో! డ్యూయెట్టుకు ఊటీ, ఊరికి గోదావరి అని అలవాటు పడిపోయిన చూపులు నూటడెబ్భై కిలోమీటర్ల దూరంలో ఉన్నదాన్ని దాటేసి వెళ్ళాయి. ఇది నా అభిప్రాయమే సుమండీ, పరిశోధన కాదు!

మనుషుల్ని మాత్రం నెల్లూరు దండిగా ఇచ్చింది. 'శ్రీ వేంకటేశ్వర మహత్మ్యం' తీసిన పి.పుల్లయ్యగారు ఇక్కడివారు. ఊచలాంటి ఒళ్ళు ఊపి జనాన్ని నవ్వించిన రమణారెడ్డి, కళ్ళెర్రజేసి భయపెట్టిన రాజనాల, కళాభినేత్రి వాణిశ్రీ, నిర్మాత కవి మల్లెమాల అందరూ నెల్లూరు జిల్లా వాళ్ళే. తిప్పరాజువారి వీధిలోని తమ ఇంటిని ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యంగారు 2020 ఫిబ్రవరిలో వేదపాఠశాల కోసం కంచి మఠానికి అప్పగించారు. ఆ ఏడాది సెప్టెంబరు 25న ఆయనే వెళ్ళిపోయారు. ఆ వీధి చూసి పోదామని నోటి దాకా వచ్చింది. డైరెక్టరుగారి వాచీ చూసి మింగేశాను.

పట్టాభి సంగతి ఇంకా తమాషా. తిక్కవరపు పట్టాభిరామిరెడ్డిగారు నెల్లూరు బిడ్డ. ఆయన కన్నడంలో తీసిన 'సంస్కార' 1970 సంవత్సరానికి దేశంలో ఉత్తమ చిత్రంగా నిలిచింది. అందులోని కొండలూ నీళ్ళూ ఎక్కడివి? శృంగేరి పక్కవి! కథ అక్కడిది, కాబట్టి తప్పు పట్టలేం. అయినా నెల్లూరు కొండలు కాస్త చిన్నబుచ్చుకుని ఉంటాయనిపించింది.

పెంచలకోన: చెంచులక్ష్మి వాగు

పొదలకూరు దారి పట్టాం. ఇరుపక్కలా నిమ్మతోటలు. అద్దం దించితే కారంతా నిమ్మకాయ వాసన. పొదలకూరు నిమ్మకాయ మార్కెట్టుకు బస్తాలు మోసుకుపోతున్న ఆటోలు మాకు అడ్డం. డైరెక్టరుగారు నిమిషానికోసారి "అన్నా, హారన్!" అంటున్నారు. డ్రైవరన్న హారన్ కొట్టడు.

"ఆ నిమ్మకాయలు కూడా ఆత్రంగానే పోతా ఉండాయి సార్. వేలంపాట టైము."

గోనుపల్లి దాటాక కొండలు ఒక్కసారి ముందుకొచ్చాయి. నీలంగా, పొరలు పొరలుగా వెలిగొండలు. నెల్లూరు నుంచి ఎనభై కిలోమీటర్ల లోపే ఇంత మార్పు! కారులో మాటలు ఆగిపోయాయి. రెండు కొండల మధ్య కోనలో నరసింహస్వామి కోవెల. మేము వెళ్ళింది శనివారం, స్వామికి ప్రీతి. జనం కిటకిట. తలనీలాలిచ్చి పసుపు రాసుకున్న గుండ్లు, చెరుకుముక్కలు నములుతున్న పిల్లలు, చెట్ల కింద పొంగళ్ళు.

ఇక్కడి స్థలపురాణం మన సినిమా వాళ్ళకు కొత్త కాదు. హిరణ్యకశిపుణ్ణి చంపిన ఉగ్రం చల్లారక అడవుల్లో తిరుగుతున్న స్వామి చెంచుల పిల్లను చూశాడట. కోపం పోయింది, మనసు పోయింది, పెళ్ళయిపోయింది. ఇద్దరూ పెనవేసుకున్న శిలలై వెలిశారు కాబట్టి ఇది పెనుశిల, అదే పెంచల. సంగతి తెలిసిన ఆదిలక్ష్మమ్మవారు అలిగి వాగు అవతలికి వెళ్ళి కూర్చుంది. ఆమె గుడి ఇవాళ్టికీ ఆ ఒడ్డునే! ఇదే కథ అహోబిలం వాళ్ళూ చెప్తారు. అది వాళ్ళ హక్కు. 1943లో కమలా కోట్నీస్, 1958లో అంజలీదేవి 'చెంచులక్ష్మి'గా వెండితెర మీద అలరించారు. 1958 దాంట్లో అక్కినేనివారి సరసం చూసినవాళ్ళు ఈ వాగు దగ్గర నవ్వకుండా ఉండలేరు. అంత పెద్ద దేవుడికీ ఇంటిపోరు తప్పలేదు మరి.

కొండ ఉంది. వాగులో నీళ్ళూ ఉన్నాయి. కానీ డైరెక్టరుగారి ముఖం వెలగలేదు. "ఇది వాగు. నాకు నీటి పరపు కావాలి. అమ్మాయి నిలబడితే ఆవలి ఒడ్డు దూరంగా ఉండాలి." పైన జలపాతం ఉంది, అడవిలోకి నడిచి వెళ్ళాలి. ఇదంతా పెనుశిల నరసింహ అభయారణ్యం, షూటింగంటే అటవీశాఖ అనుమతి కావాలి. "నడవటానికి టైమూ లేదు, అనుమతికి నెలా లేదు" అంటూ ఆయన కారు వైపు తిరిగారు. కెమేరామన్ గారు మాత్రం గుడి దగ్గర చెప్పులు విడిచి రెండు నిమిషాల్లో దండం పెట్టుకుని వచ్చారు. నలభై ఏళ్ళ బాకీ తీర్చినట్టు.

కండలేరు: ఇద్దరు హీరోల చెరువు

పదకొండున్నర. కండలేరు జలాశయం. కారు దిగి తల ఎత్తేసరికి ఎవరూ మాట్లాడలేదు.

నీళ్ళు, నీళ్ళు, నీళ్ళు... మధ్యమధ్య మునిగిన గుట్టల తలలు దీవుల్లా. వెనక వెలిగొండలు, ఒక కొండ వెనక ఇంకొకటి. మట్టికట్ట ఒక్కటే పది కిలోమీటర్లకు పైన పొడుగు. నిండితే 68 టీఎంసీలు పడుతుంది. టీఎంసీ అంటే వందకోట్ల ఘనపుటడుగులని పాఠకులకు గుర్తు చేయనక్కర్లేదు, ఈ మాట వినని తెలుగువాడు లేడు.

సినిమా పత్రికలో ఈ చెరువు గురించి రాయటానికి ఇంకో కారణం ఉంది. ఇది ఇద్దరు హీరోలు సంతకం పెట్టిన చెరువు. 1983 జనవరి 9న ఎన్.టి.రామారావుగారు ముఖ్యమంత్రి అయ్యారు. ఏప్రిల్ 18న తమిళనాడు ముఖ్యమంత్రి ఎం.జి.రామచంద్రన్ గారితో తెలుగుగంగ ఒప్పందం కుదిరింది. ఏడాదికి 12 టీఎంసీల కృష్ణానీరు మద్రాసుకు ఇవ్వాలి. మే 25న మద్రాసులో ప్రధాని ఇందిరాగాంధీ చేతుల మీదుగా ప్రారంభం. నాలుగు పాతాళభైరవులు కలిపి తీసినా ఇంత సెట్టింగు రాదు: శ్రీశైలంలో బయల్దేరిన కృష్ణ పోతిరెడ్డిపాడు, వెలుగోడు దాటి, పెన్నలో కలిసి, సోమశిలలో ఆగి, కండలేరులో నిలిచి, అక్కణ్ణుంచి సత్యవేడు మీదుగా తమిళనాట పూండి చెరువు చేరాలి.

మద్రాసు నీటి కరువు రామారావుగారికి ఒకరు చెప్పాలా? బజుల్లా రోడ్డులో కాపురమున్న మనిషి. కోడంబాకం స్టూడియోల్లో దాహం తీర్చుకున్న తెలుగు సినిమా ఆ ఊరి బాకీ తీర్చే పద్ధతి ఇదేననుకున్నారేమో.

అయితే పని జరిగిన తీరు సినిమా తీరు కాదు. 1987 డిసెంబరు 24న ఎం.జి.ఆర్. పోయారు. నీళ్ళు రాలేదు. తెలుగు సినిమా మద్రాసులో మూటాముల్లె సర్దుకుంది. హైదరాబాద్‌లో 1976లోనే అన్నపూర్ణ స్టూడియో లేచింది, తర్వాత ఒక్కొక్కరే అటు వెళ్ళిపోయారు. 1996 జనవరి 18న రామారావుగారూ పోయారు. ఆ సెప్టెంబరు చివర మొదటి కృష్ణానీరు తమిళనాడు సరిహద్దు దాటింది! ఒప్పందం మీద పేరున్న ఇద్దరు హీరోలూ లేరు, తాగాల్సిన తెలుగు యూనిట్లూ చాలావరకు లేవు. నీళ్ళు మాత్రం మాట నిలబెట్టుకున్నాయి. కాలువ లైనింగు బాగాలేక దారిలోనే ఇంకిపోతుంటే తర్వాత పుట్టపర్తి సాయిబాబాగారి ట్రస్టు దాన్ని బాగుచేయించింది.

ఇదంతా నేను కట్ట మీద చెప్తుంటే డైరెక్టరుగారు వినటం లేదు. రెండు చేతుల వేళ్ళూ ఫ్రేముగా పట్టి అటూ ఇటూ తిరుగుతున్నారు. "కొండ ఉంది... నీళ్ళు ఉన్నాయి..." కానీ కెమేరామన్ గారు పెదవి విరిచారు. "నడినెత్తిన ఎండ. నీళ్ళు తెల్ల రేకులా ఉన్నాయి. ఇప్పుడు తీసి చూపిస్తే నిర్మాతగారు కంప్యూటరే నయమంటారు. సాయంత్రం అయిదింటికి ఇక్కడుండాలి."

"సాయంత్రం అయిదింటికి పులికాట్‌లో ఉండాలి!"

"రెండూ కుదరవు."

"కుదరాలి. ఇంకో రోజు లేదు."

సరే, ఫోన్‌లో నాలుగు ఫొటోలు తీసుకుని "పదండి" అన్నారు. డ్రైవరన్న కదలలేదు. కట్ట అంచున నిలబడి నీళ్ళలోకి చూస్తున్నాడు. పొద్దుటినుంచి ఏమీ అడగని మనిషి మెల్లగా అడిగాడు.

"ఒక్క అయిదు నిమిషాలు సార్. మా అమ్మోళ్ళ వూరు ఆ నీళ్ళ కింద ఉండాది."

చెయ్యి చాపి చూపించాడు. మాకు నీళ్ళు తప్ప ఏమీ కనపడలేదు.

"ఆ గుట్ట ఉండాది చూడండి, చిన్న దీవి మాదిరి. దాని పక్కనే. నేను అప్పుడు మూడో క్లాసో నాలుగో క్లాసో. సెలవులకి పోతే చింతచెట్లే చింతచెట్లు. చెరువొస్తాది, లేవండన్నారు. తలుపులు, దూలాలు, రోలు, అన్నీ ఊడదీసుకొని ఎడ్లబండ్ల మీద ఏసుకొని వచ్చేస్తిమి. మా తాత ఒక్క దిక్కే మళ్ళీ మళ్ళీ చూస్తా వచ్చినాడు. ఎండల కాలం నీళ్ళు తగ్గితే దిబ్బ బయట పడతాదంట. నేను వచ్చినప్పుడు ఎప్పుడూ కనపళ్ళా. బాడుగలు. ఎవురికీ టైముండదు."

కాలువలు, టీఎంసీలు, తారీఖులు గుక్కతిప్పుకోకుండా చెప్పిన నేను నోరు మూసుకున్నాను. డైరెక్టరుగారు వాచీ చూసుకున్నారు. ఆయన్ని తప్పు పట్టకండి, ఆయన మెడ మీద కత్తి ఉంది. మూడు నిమిషాలయ్యాక, "అన్నా, దారిలో మాట్లాడుకుందాం" అన్నారు. డ్రైవరన్న తల ఊపి వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాడు. దారిలో ఎవరూ మాట్లాడలేదు.

చూడనివి, తిననివి

ఇక్కడి నుంచి రాపూరు, వెంకటగిరి, నాయుడుపేట. ఈ దారి గురించి నాకు తెలిసింది కారు అద్దానికి అవతల పరుగెత్తినంతే. సోమశిల ఎలాగూ వదిలేశాం. అది ఉత్తరాన ఉంది. పెన్న వెలిగొండల్ని కోసుకుని బయటపడే చోటు. పటంలో దాని మీద డైరెక్టరుగారు ఎర్ర పెన్సిలుతో చుట్టిన గుండ్రం అలాగే మిగిలింది.

వెంకటగిరిలో మగ్గాల చప్పుడు వినపడింది. "మా అమ్మ ఇక్కడి జరీచీర తెమ్మంది" అని డైరెక్టరుగారే అన్నారు. కారు ఆగలేదు. నెల్లూరు చేపల పులుసు మీద పెట్టుకున్న ఆశ నాయుడుపేటలో నిలబడి తిన్న రెండు అరటిపళ్ళతో, ఒక బన్నుతో తీరింది. మామిడికాయ ముక్కలేసి, మట్టిదాకలో కాచి, రాత్రంతా ఊరబెట్టిన పులుసు తలచుకుంటూ బన్ను తిన్నవాడి బాధ పగవాడికి కూడా వద్దు.

నాయుడుపేట నుంచి తూర్పుకి పోతే దుగరాజపట్నం. అక్కడ 1626 ప్రాంతంలో ఇంగ్లీషువాళ్ళు కోటకట్టి వర్తకం చేశారు. అర్మగాన్ అనేవాళ్ళు దాన్ని. అక్కడి పెద్ద ఫ్రాన్సిస్ డే 1639లో దక్షిణంగా వెళ్ళి కొత్త చోటు సంపాదించాడు. అదే మద్రాసు! అంటే కోడంబాకానికి అమ్మమ్మగారి ఊరు నెల్లూరు తీరమేనన్నమాట. ఈ వరస డైరెక్టరుగారికి చెప్తే నవ్వారు. కారు మాత్రం తూర్పుకి తిరగలేదు.

నేలపట్టు: మనకంటే మంచి ఆర్టిస్టులు

నాలుగు గంటలకి నేలపట్టు. దొరవారిసత్రం పక్కన చిన్న ఊరు. 1976లో పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం 460 హెక్టార్లు కూడా లేదు. చెరువు నీళ్ళలో మునిగి నిలబడ్డ కడప చెట్లు, కొమ్మకొమ్మకీ గూడబాతులు. ముక్కు కింద సంచి వేలాడుతుంటే, బరువుగా దిగి, కొమ్మ ఊగి, పడబోయి నిలదొక్కుకుంటుంటే అచ్చం మన రమణారెడ్డి. నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు. పిల్లల గోల చెవులు గింగురుమనేలా ఉంది.

ఈ పక్షులు నేలపట్టులో కాపురం, పులికాట్‌లో ఉద్యోగం చేస్తాయి. గూడు ఇక్కడ, మేత అక్కడ. రెట్టలు కలిసిన చెరువు నీళ్ళు పొలాలకు ఎరువని ఊరివాళ్ళ నమ్మకం. అందుకే వాటి జోలికి ఎవరూ పోరు.

అసిస్టెంటు కుర్రవాడు డిక్కీలో పెట్టిన డ్రోను సంగతి డైరెక్టరుగారికి గుర్తొచ్చింది. కెమేరామన్ గారు కళ్ళెర్ర చేశారు. "పసిపిల్లలున్న ఇంట్లో గాలిమర తిప్పుతారటయ్యా?" డిక్కీ మూత తెరవలేదు. పైగా శ్రీహరికోట ఇంత దగ్గర్లో ఉండగా డ్రోను మాట ఎత్తడమే తప్పు.

మంచె ఎక్కి చూశాం. నీళ్ళున్నాయి, చెట్లున్నాయి, పక్షులున్నాయి. కొండ లేదు. పదిహేను నిమిషాలు. ప్యాకప్!

పులికాట్: ఆఖరి రీలు

సూళ్లూరుపేట. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు ఇది తిరుపతి జిల్లాలోకి వెళ్ళింది. అయినా డ్రైవరన్న లెక్కలో ఇది నెల్లూరే. ఊరి పక్కనే మంగళంపాడు. 1921లో అక్కడ పుట్టిన కిళాంబి నరసింహాచార్యులవారే మన మనసు కవి ఆత్రేయ. పాట కోసం నిర్మాతల్ని ఎంత తిప్పించుకున్నారో పరిశ్రమంతా కథలు కథలుగా చెప్పుకునేది. కాగితం మీద కలం పెట్టటానికి ఆయన తొందరపడేవారు కాదు. పెట్టాక జనం మరిచిపోయేవారు కాదు. ఆయన ఊరి పక్కనుంచి మేము గంటకు ఎనభై కిలోమీటర్ల వేగంతో వెళ్ళాం.

వెళ్ళామంటే వెళ్ళాలనుకున్నాం. ఊళ్ళో బస్సులూ లారీలూ పెనవేసుకుని ఇరవై నిమిషాలు కదలనివ్వలేదు. డైరెక్టరుగారు తల పట్టుకున్నారు. అయిదుంబావు... అయిదున్నర... సూర్యుడు కాల్షీటు ముగించుకుంటున్నాడు.

శ్రీహరికోట రోడ్డు చూడనివాళ్ళకు చెప్పటం కష్టం. పదిహేను కిలోమీటర్లకు పైగా సరస్సు మధ్యలోంచి సూటిగా గీసిన గీతలా పోతుంది. రెండు వైపులా నీళ్ళే. చిలకా తర్వాత దేశంలో ఇంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. అవతల శ్రీహరికోట దీవి, దాని వెనక బంగాళాఖాతం. 1971 అక్టోబరు 9న అక్కణ్ణుంచి మొదటి రోహిణి రాకెట్టు లేచింది. ఇప్పుడు ప్రపంచమంతా ఆ వైపు చూస్తుంది. ఆ రాకెట్ల కోసం వేసిన రోడ్డు మీద మనం పక్షుల్ని చూస్తాం. రాకెట్ల కోసం ఇల్లు ఖాళీ చేసిన యానాదులూ ఉన్నారు. డ్రైవరన్న ఆ మాట అని ఊరుకున్నాడు.

సరస్సుకూ కష్టాలున్నాయి. సముద్రపు నీరు లోపలికి వచ్చే రాయదొరువు, కొండూరుపాలెం ముఖద్వారాలు ఇసుక మేటవేసి పూడుకుపోతుంటాయి. ఎండాకాలంలో ఉత్తరం వైపు సరస్సు నేలై నెర్రెలిస్తుంది. చేపలు లేక జాలరి, మేత లేక పక్షి. కానీ మేము వెళ్ళింది జనవరి. ఈశాన్య వానలకు నిండిన నీళ్ళు. ఆ నీళ్ళలో గులాబీరంగు చారలా రాజహంసలు! వందలో వేలో లెక్కపెట్టలేదు. తలకిందులుగా ముక్కు ముంచి మేస్తూ, ఒక్కసారి అన్నీ కలిసి నాలుగడుగులు పక్కకు వేస్తే గ్రూపు డాన్సర్లు సిగ్గుపడాలి.

అటకానితిప్పకు ఇవతలే కారు ఆపించారు. అయిదూ యాభై. డైరెక్టరుగారు తూర్పుకు తిరిగి నిలబడ్డారు, రాజహంసల వైపు. "అద్భుతం. కానీ కొండ..." గొంతు పూడుకుపోయింది. "పొద్దుటి నుంచి కొండ దగ్గర నీళ్ళు సరిపోవు, నీళ్ళ దగ్గర కొండ ఉండదు!"

"వెనక్కి తిరగండి సార్" అన్నాడు డ్రైవరన్న.

తిరిగాం. నైరుతి మూల, నీళ్ళ అంచున, సన్నగా నీలంగా కొండల వరస. సూర్యుడు సరిగ్గా వాటి మీదికి దిగుతున్నాడు.

"కంబాకం కొండలు. తడ పక్కన. మబ్బు లేకుంటే ఇట్టా కనపడతాయి."

కెమేరామన్ గారు రగ్గు విప్పిన వేగం అరవై దాటిన మనిషిది కాదు. రోడ్డు అంచున మోకాళ్ళ మీద కూర్చుని తీశారు. నీళ్ళు, నీళ్ళ మీద ఎర్ర బాట, బాట చివర కొండ. అన్నీ ఒక్క ఫ్రేములో! నాలుగు నిమిషాలు. తర్వాత రంగు వెలిసిపోయి, అంతా బూడిదరంగు. రాజహంసలు లేచి ఎటో వెళ్ళాయి. దోమలు వచ్చాయి.

ఆశ్చర్యమేమిటంటే డైరెక్టరుగారు "పదండి" అనలేదు. రోడ్డు అంచున రాయి మీద కూర్చున్నారు. పొద్దుటి నుంచి మొదటిసారి వాచీ చూసుకోకుండా పావుగంట ఉన్నారు. తర్వాత ఫోన్ తీసి ప్రొడక్షను మేనేజరుకు చేశారు.

"పాటకు దొరికింది. ఫుటేజీ పంపిస్తున్నా... లేదు, క్లైమాక్సు ఇక్కడ కాదు. క్లైమాక్సు కండలేరులో... అవును, మధ్యాహ్నం చూశాను, కానీ చూడలేదు. ఇంకో రోజు కావాలి. సాయంత్రమంతా అక్కడే ఉండాలి... ఆమె ఊరు ఆ నీళ్ళ కింద ఉంటుంది. కథ మారుస్తున్నా."

అవతల మేనేజరు ఏమన్నాడో వినపడలేదు. రాత్రి పదింటికి నిర్మాతగారిని అడిగి చెప్తానన్నాడట. ఈ వ్యాసం ప్రెస్సుకు వెళ్ళే దాకా నాకు ఆ కబురు తెలియలేదు. తెలిస్తే వచ్చే వారం రాస్తాను.

సూళ్లూరుపేటలో కారం దోసెలు తింటుంటే డ్రైవరన్న దగ్గరికి వచ్చాడు.

"సార్, రేపు కండలేరుకే పోయేటట్టయితే బాడుగ సగమే ఇయ్యండి. మా అమ్మని తెచ్చుకుంటా. ఎనబై దాటింది. ఆ నీళ్ళు ఒక్కసారి చూపించమని అడగతా ఉండాది. కాళ్ళు నొప్పులు, వెనక సీట్లో కూర్చోలేదు."

డైరెక్టరుగారు దోసె ముక్క చేతిలో పట్టుకుని ఆయన వైపు చూశారు.

"బాడుగ సంగతి వదిలెయ్ అన్నా. అమ్మగారు ఎన్నింటికి లేస్తారో అది చెప్పు. నేను వెనక కూర్చుంటాను" అన్నారు.